కొండ కలివి: ఎక్కడ పెరుగుతుంది, ఏ దశలో తినొచ్చు, దేన్ని చూసి పొరబడతాం

గుట్టదారి:
శేషాచలం, వెలికొండ, నల్లమల అంచుల్లో నడిచేవాళ్లకు కలివి పొదలు అడుగడుగునా తగులుతాయి. కొన్నిచోట్ల కలే అంటారు, తెలంగాణలో కలిమి అంటారు. పండు తినొచ్చన్నది అందరికీ తెలిసిందే. దాని చుట్టూ ఉన్న సందేహాలు మాత్రం ఏ ఏటికా ఏడు మళ్లీ మొదటికే వస్తున్నాయి. తోటల్లో పెంచే వాక, ఈ కొండ కలివి ఒకటేనా? గిల్లితే పాలు కారే మొక్క కదా, పండుతో ప్రమాదం లేదా? నల్లగా పండే వేరే అడవి కాయను కలివి అనుకుని తినేసే అవకాశం ఎంత? ఫొటో చూసి పోల్చుకునేలా కాకుండా, పొద ముందు నిలబడినవాళ్లు చేత్తో తడిమి తేల్చుకునేలా చెప్పగలిగినవారు రాయండి.

పత్రహరితం:
రెండూ ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి, జాతులు వేరు. కొండల్లో తనంతట తానే పెరిగేది కరిస్సా స్పైనారమ్. మనం పప్పులో వేసుకునే పెద్ద వాక్కాయ కరిస్సా కరండాస్. కొండ కలివి సాధారణంగా మనిషెత్తుకు అటూ ఇటూ ఉండే గుబురు పొద. వాక వదిలేస్తే చిన్న చెట్టంత అవుతుంది. కొండ కలివి కాయ సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, లోపల నాలుగు గింజలకు మించవు. వాక్కాయ ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

పోల్చుకోవడానికి నాలుగు గుర్తులు చూడాలి, నాలుగూ ఒకే కొమ్మ మీద కనిపించాలి. ఒకటి, ఆకులు ఎదురెదురుగా జంటలుగా, మందంగా, పైవైపు నిగనిగలాడుతూ ఉంటాయి. రెండు, ఆకుల జంట దగ్గరే గట్టి ముళ్లు కూడా జంటగా ఉంటాయి, కొన్ని ముళ్లు కొనలో రెండుగా చీలతాయి. కొమ్మ గట్టిపడిన చోట గోటితో వంచినా ఆ ముల్లు వంగదు. మూడు, ఆకు తొడిమ గిల్లినా, పచ్చికాయ తుంచినా తెల్లటి పాలు వస్తాయి. నాలుగు, కాయలు కొమ్మ చివర గుత్తులుగా వేలాడుతూ పచ్చ నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి ముదురు ఊదా నలుపుకు మారతాయి. పూత కాలమైతే అయిదు రేకుల తెల్లపూలు, మల్లెకు దగ్గరి వాసన.

వీటిలో ఒక్కటి తప్పినా ఆ కాయ నోట పెట్టవద్దు. రంగు ఒక్కటీ, పాలు ఒక్కటీ చూసి నిర్ణయించడం ఈ మొక్క విషయంలో నిజంగా ప్రాణాంతకం. కారణం వేరే టపాలో రాస్తాను.

లంకమల:
ఎక్కడ వెతకాలో చెబుతాను. కలివి దట్టమైన అడవి మొక్క కాదు. వెలుతురు బాగా పడే చిట్టడవి దాని చోటు. ఎర్రనేల, గులకరాళ్లు, బండల పగుళ్లు, వాన పడ్డ గంటకే నీరు జారిపోయే వాలు ఉంటే అక్కడ పాతుకుపోతుంది. రేగు, పరికి, బలుసు, తుమ్మ, చండ్ర, చిట్టీత ఉన్న గుంపులో దీన్ని చూడొచ్చు. అరకు, మారేడుమిల్లి వైపు వాన ఎక్కువున్న కొండల్లో అడవి నడిమధ్యలో కాకుండా అంచుల్లో, బాటల పక్క, చెట్లు పలచబడిన వాలుల్లో ఉంటుంది. పైన చెట్ల నీడ కమ్ముకుంటే పొద చావదు గానీ పూత తగ్గిపోతుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా పూత, మే నుంచి జూలై దాకా పండ్లు. ఎత్తును బట్టి, తొలకరి ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టి ముందూ వెనకా అవుతుంది. వేసవి మంటలు సరిగ్గా పూత, పిందె దశలోనే వస్తాయి కాబట్టి కాలిన వాలులో ఆ ఏడు పండు ఉండదు. వేరు నుంచి పిలకలు వేస్తుంది గనుక పొద మాత్రం తేరుకుంటుంది.

కడప జిల్లా లంకమల పాదాల్లోని ముళ్ల చిట్టడవి కలివి కోడి అనే పక్షి నివాసం. పేరు కూడా ఈ పొదతోనే ముడిపడింది. 1900 తరువాత కనబడక, అంతరించిందనే అనుకున్న ఆ పక్షి 1986లో అక్కడే మళ్లీ కనిపించింది. దానికి పొదలూ కావాలి, పొదల మధ్య తిరగడానికి ఖాళీ నేలా కావాలి. వంటచెరకు కోసం పొదలను మొదలంటా నరికినా, చదును చేసి మొక్కలు వరసగా నాటినా ఆ అమరిక చెడిపోతుంది. కలివి కాయలకు వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని అడుగు వేయాలి.

చిట్టడవి:
ఇంత లెక్క అవసరమా? పిట్టలు తింటున్న కాయ మనిషికీ పనికొస్తుందని పెద్దలు చెప్పేదే కదా. పొద కింద రెట్టలు, గింజలు కనిపిస్తే చాలు అనుకుంటాను.

పత్రహరితం:
చిట్టడవి గారూ, ఆ మాట మీద ఎవరూ ఆధారపడకూడదు. కోయిల పచ్చగన్నేరు కాయ గుజ్జు తింటుంది. ముష్టి పండు గుజ్జు కొన్ని పక్షులు తిని గింజ వదిలేస్తాయి. ఆ రెండు గింజలూ మనిషిని చంపుతాయి. పక్షి గుజ్జు తిని గింజను నలగకుండా బయటికి పంపేస్తుంది, మనం గింజ కొరుకుతాం. వాటి ఒంటి తీరే వేరు.

నేను ముందు చెప్పిన ప్రమాదం ఈ పచ్చగన్నేరే. ఇది కూడా కలివి కుటుంబమే, దీనికీ పాలు కారతాయి, దీని కాయా ముదిరితే నల్లబడుతుంది. "నల్లటి కాయ, తుంచితే పాలు, అదే కలివి" అని నేర్చుకున్న పిల్లవాడు బడి ప్రహరీ పక్కనున్న పచ్చగన్నేరు దగ్గరా అదే అనుకుంటాడు. తేడాలు ఇవి: పచ్చగన్నేరుకు ముల్లు అన్నదే ఉండదు. ఆకు సన్నగా, వేలి కంటే పొడుగ్గా ఉండి, జంటలుగా కాకుండా కొమ్మ చుట్టూ మెలికగా వస్తుంది. పువ్వు పసుపు గంట. కాయ మూడు నాలుగు సెంటీమీటర్లు, కోణాలు తేలి, లోపల రాయిలాంటి ఒకే టెంక. పిల్లలకు నేర్పేటప్పుడు మొదట ముల్లు, ఆ తరువాత ఆకు, చివర కాయ చూపించండి. ఈ వరుస మారకూడదు.

ఎర్రగన్నేరు, తెల్లగన్నేరుల గురించి కూడా ఒక మాట. వాటి కాయ పొడవాటి బుడ్డ కాబట్టి కలివి అనుకోవడం కష్టం. కానీ పొదలు పక్కపక్కనే ఉన్న చోట గన్నేరు పుల్ల విరిచి పండ్లు గుచ్చుకోవడం, దానితోనే కలపడం చేయవద్దు. ఆకు, పుల్ల, పువ్వు, అన్నీ విషమే.

గుట్టదారి:
ముళ్లున్న పొదల సంగతేమిటి? మంగ, బలుసు, లాంటానా మూడూ కలివితో కలిసిపోయి ఉంటాయి. పండ్లు లేని కాలంలో గుర్తుపెట్టుకుని వెళ్లి, సీజనులో వచ్చి కోసేవాళ్లు వీటి దగ్గరే తికమకపడతారు.

వనదర్శిని:
మూడింటికీ పాలు రావు. అక్కడే సగం తేలిపోతుంది.

మంగకూ ముళ్లు జంటగానే ఉంటాయి, అందుకే ఆకులు లేనప్పుడు పొరబాటు సహజం. దాని కాయ చిన్న జామకాయలా పసుపు రంగుకు మారుతుంది, తల మీద కిరీటంలా పువ్వు రక్షక పత్రాల మిగులు నిలిచి ఉంటుంది. అది తింటే విపరీతంగా వాంతులవుతాయి. చేపలను మత్తెక్కించడానికి వాడే కాయ అది.

బలుసు ఆకు ఎదురెదురే, ముల్లు జంటే. కాయ పసుపు, లోపల రెండు గింజలు, తినదగ్గదే. బతికుంటే బలుసాకు తినొచ్చని సామెత ఉన్న మొక్క కాబట్టి దీని విషయంలో భయం లేదు. నష్టమల్లా, కలివి అనుకుని గుర్తు పెట్టుకున్న పొద కలివి కాకపోవడమే.

లాంటానా, అదే తలంబ్రాల చెట్టు, అసలు జాగ్రత్తపడాల్సింది. దాని పండ్లూ నల్లటి ఊదా రంగే, అవీ గుత్తులే, పైగా కలివి ఉన్న ప్రతి గుట్ట మీదా అదీ ఉంది. కాండం నాలుగు పలకలు, ముళ్లు చిన్నవి, కొక్కెంలా వంగినవి. ఆకు గరుకు, నలిపితే ఘాటు వాసన. పండ్లు మిరియపు గింజల్లా ఒక బంతిగా కూడుకుని ఉంటాయి. దాని పచ్చికాయలు విషం, ఒకే గుత్తిలో పండినవీ పండనివీ కలిసి ఉంటాయి. పశువులు ఆ ఆకు మేసి కాలేయం దెబ్బతిని చనిపోతాయి. పిల్లలు గుప్పెడు లాగి నోట్లో వేసుకునే కాయ ఇదే, కలివి కాదు. కలివిని ఒక్కొక్కటిగా కోయాల్సిందే, ముల్లు గుప్పెడు లాగనివ్వదు.

జాడీ:
తినే దశల గురించి. నల్లగా మారి, వేళ్లతో నొక్కితే మెత్తబడి, కొద్దిగా తిప్పగానే తొడిమ నుంచి ఊడివచ్చే పండు ఒక్కటే వండకుండా నేరుగా తినదగింది. లాగాల్సి వస్తే అది పండలేదు. ఎర్రటి దశలో పులుపు, వగరు ఎక్కువ, పాలు ఇంకా ఉంటాయి, పెదాలకు జిగురు అంటుకుంటుంది. పచ్చికాయ వంటకే గాని నేరుగా నమలడానికి కాదు. పండైనా పరగడుపున దోసెళ్లకొద్దీ తింటే గొంతు గరగర, పళ్లు పులవడం, కడుపునొప్పి తప్పవు. మొదటిసారి తినేవాళ్లు నాలుగైదు పండ్లతో ఆగి, ఆ రోజుకు అంతే అనుకోవాలి. గింజ ఉమ్మేయండి.

పప్పుకు: గ్లాసు కందిపప్పుకు వాక్కాయలైతే ఎనిమిది పది, కొండ కలివి పచ్చికాయలైతే రెండు గుప్పిళ్లు. కాయలను పప్పుతో కలిపి ఉడకబెట్టవద్దు. పులుపు తగిలితే కందిపప్పు గింజ గింజగా నిలిచిపోయి ఎంతకీ మెత్తబడదు. కాయలను విడిగా కాసిని నీళ్లలో ఉడికించి, కొండ కలివి అయితే జల్లెడలో మెదిపి గింజలు తీసేసి, మెత్తగా ఎనిపిన పప్పులో ఆ గుజ్జు కలిపి రెండు పొంగులు రానివ్వాలి. చింతపండు వేయకూడదు.

ఊరగాయకు వాక్కాయే మేలు. కొండ కలివిలో గింజే ఎక్కువ, కండ తక్కువ. కిలో కాయల తొడిమలు తీసి, ఉప్పు నీళ్లలో అరగంట ఉంచితే తొడిమ దగ్గర కారిన జిగురు వదులుతుంది. తరువాత మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. కత్తికీ చేతికీ నూనె రాసుకుని నిలువుగా చీల్చి, కత్తి మొనతో గింజ తీసేయాలి. 200 గ్రాముల ఉప్పు, చెంచా పసుపు కలిపి మూడు రోజులు జాడీలో ఊరనిచ్చి, రోజూ ఒకసారి కలపాలి. మూడో రోజు 150 గ్రాముల కారం, 75 గ్రాముల ఆవపిండి, చెంచా మెంతిపిండి, 350 మిల్లీలీటర్ల నువ్వుల నూనె. మర్నాటికి నూనె పైకి తేలకపోతే ఇంకాస్త కాచి చల్లార్చి పోయాలి.

ఇది బూజు పట్టేది రెండు కారణాలతోనే. కాయ మీద తడి మిగలడం, లేదా ఆరోగ్యం పేరు చెప్పి ఉప్పు తగ్గించడం. ఉప్పు తగ్గించుకోవాలంటే ఊరగాయ తక్కువ తినండి, జాడీలో తగ్గించవద్దు. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో ఈ కాయ ఉంచకూడదు. పులుపు లోహాన్ని తినేస్తుంది, అది మన కడుపులోకి వస్తుంది.

పసరు:
పండు ఒక్కటే ఎందుకు, వేరు కూడా మందే కదా. పశువుల పుండ్లలో పురుగులు పడితే కలివి వేరు నూరి పెడతారు. అలాగే కడుపులో పురుగులకు వేరు కషాయం తాగొచ్చని విన్నాను. మోతాదు తెలిసినవారు చెబితే బాగుంటుంది.

నాడి:
పసరు గారూ, మోతాదు చెప్పను, ఎవరూ చెప్పవద్దని కోరుతున్నాను. కలివి వేళ్లలో కార్డియాక్ గ్లైకోసైడ్లు ఉన్నాయి. గుండె కొట్టుకునే తీరును మార్చే పదార్థాలివి, గన్నేరు విషం పనిచేసేదీ ఇదే దారిలో. ఒక పొద వేరులో ఎంత ఉందో ఇంట్లో కొలిచే మార్గం లేదు. నేల, వయసు, కాలం మారితే అదీ మారుతుంది. కషాయం కాచితే ఇంకా చిక్కబడుతుంది. పురుగులకు ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. దాన్ని వదిలి వేరు కాచుకోవడానికి ఒక్క కారణమూ లేదు. డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లు, గుండె లయ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు వేరు, బెరడు, ఆకుల జోలికి అసలు పోకూడదు. పశువుల పుండు సంగతి కూడా పశువైద్యుడికి వదిలేయండి.

తూర్పు ఆఫ్రికాలో బాణాలకు పూసే విషం అకొకాంథెరా అనే మొక్క నుంచి వస్తుంది. ఆ మొక్కలను ఒకప్పుడు కరిస్సా ప్రజాతిలోనే చేర్చారు. వాటికి ముళ్లు ఉండవు. మన కొండల్లో అవి లేవు గానీ, అంత దగ్గర చుట్టరికం ఉన్న మొక్కలో పండు మంచిది కాబట్టి మిగతా భాగాలూ మంచివే అనుకోవడం ఎంత తప్పో తెలియడానికి చెబుతున్నాను.

ఎవరైనా పొరబాటున వేరే కాయ తిన్నారని అనుమానం వస్తే: నోట్లో మిగిలింది ఉమ్మించి పుక్కిలింపజేయండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లలకు ఉప్పే విషమవుతుంది. 108కి ఫోన్ చేయండి. ఆకు, ముల్లు, కాయ ఉన్న కొమ్మ ఒకటి సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి, వైద్యుడికి అన్నిటికంటే అదే ఉపయోగం. పచ్చగన్నేరు తిన్న మనిషి మొదటి గంటల్లో మామూలుగానే కనిపించవచ్చు. వాంతులు, నాడి నెమ్మదించడం, కళ్లు తిరగడం తరువాత రావొచ్చు. కాబట్టి "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోవద్దు. ఈసీజీ పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

పాలు కంట్లో పడితే రుద్దకుండా పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. ఎరుపు తగ్గకపోతే కంటి వైద్యుడు. ముల్లు గుచ్చుకుంటే మొన లోపల విరిగిందేమో వెలుతురులో చూడండి. వేలి కణుపులోనో మోకాటిలోనో దిగి, మర్నాటికి వాపు, కదిపితే నొప్పి ఉంటే ఇంట్లో సూదితో కెలకవద్దు. కీలులో ముల్లు ముక్క మిగిలితే వారాల తరబడి వాపు పోదు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తు లేకపోతే వేయించుకోండి.

చిట్టడవి:
పక్షుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. పత్రహరితం గారికి కృతజ్ఞతలు. ఇంకొకటి, పొద కింద రాలినవి ఏరుకోవచ్చా?

లంకమల:
వద్దండి. రాలిన పండు ఒక్క పూటకే పులిసిపోతుంది, పురుగు చేరుతుంది, నక్కలు, గబ్బిలాలు కొరికి వదిలినవి కలుస్తాయి. పొద మీదిదైనా గాటు, పంటి గుర్తు ఉంటే పారేయండి. ఇంటికి తెచ్చాక పది పండ్లు చీల్చి చూడండి, వానలు మొదలైతే లోపల పురుగు ఎక్కువ.

కోసే పద్ధతి: మందపాటి తోలు తొడుగు ఎడమ చేతికి, కొమ్మ పట్టుకోవడానికి. కుడి చేయి ఖాళీగా ఉండాలి, పండు మెత్తదనం తెలియాలి కాబట్టి. వెడల్పు బుట్ట వాడండి, లోతు సంచిలో కింది పండ్లు నలిగి రసం కారి దారిలోనే పులుస్తాయి. కాయల కోసం కొమ్మ విరిచేయడం చాలాచోట్ల కనిపిస్తోంది, అది చాలా బాధాకరం. వచ్చే ఏటి పూత ఆ కొమ్మ చివరే రావాలి. పొదకు మూడో వంతు పండ్లైనా వదిలేయండి. మామిడి, జీడిమామిడి తోటల గట్ల మీద ఉన్న పొదలను మందు కొట్టే రోజుల్లో ముట్టుకోవద్దు, రోడ్డు పక్కవీ అంతే.

ఎలుగుబంటికి ఇది ఇష్టమైన పండు. తెల్లవారుజామున, పొద్దు వాలాక పొదల్లోకి వెళ్లకండి. వంగి కోస్తుంటే పొదకు అటువైపు ఏముందో కనబడదు, అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లాలి. తాజా తవ్వకాలు, పుట్టలు పగలగొట్టిన గుర్తులు ఉంటే ఆ వాలు వదిలేయండి.

చట్టం సంగతి కూడా. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం లోపల కాయ కోయడానికి దిగవద్దు. అడవినే నమ్ముకున్న చెంచులు, ఇతర గిరిజనులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. సరదాకు నడిచేవాళ్లు ఆ హక్కును తమదిగా భావించి వాళ్ల పొదలు ఖాళీ చేయకూడదు.

గుట్టదారి:
ఊరగాయకు పనికిరాని కొండ కలివితో జామ్ చేయొచ్చా? గింజలే అడ్డు అనిపిస్తోంది.

జాడీ:
జామ్ కంటే జెల్లీ చేయండి, గింజల పని ఉండదు. కిలో పండ్లలో పావు వంతు ఎర్రవి, మిగతావి నల్లవి ఉండాలి. గడ్డకట్టించే పెక్టిన్ పండీ పండని కాయలోనే ఎక్కువ, అన్నీ బాగా పండినవే తీసుకుంటే ఎంత కాచినా పాకంలానే ఉండిపోతుంది. అర లీటరు నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మెత్తగా ఉడికించి, పలచని గుడ్డలో కట్టి వేలాడదీయండి. పిండితే రసం మబ్బుగా వస్తుంది, గింజల వగరు దిగుతుంది. కారిన రసం ఎన్ని గ్లాసులైతే అన్ని గ్లాసుల పంచదార. పెద్ద మంట మీద 105 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా కాచాలి. థర్మామీటరు లేకపోతే చల్లని పళ్లెం మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. అక్కడే దించేయాలి, ఇంకో అయిదు నిమిషాలు ఉంచితే బంకలా సాగి రంగు నల్లబడుతుంది. గిన్నె అంచుకు పట్టిన తెల్లటి జిగురు సబ్బుకు పోదు, వంటనూనెతో రుద్దితే వస్తుంది.

బేకరీల్లో ఎర్రగా మెరిసే 'చెర్రీ' చాలావరకు వాక్కాయే. గింజ తీసి, పాకం పట్టి, రంగు వేసింది. సహజమైన రంగు అంత ఎరుపు ఉండదు.

కంచె:
అడవి మీద భారం తగ్గాలంటే చేను గట్టున పెంచుకోవడం మంచి దారి. పండు నుంచి తీసిన గింజ కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే వేయాలి. దాచిపెడితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది, వచ్చే తొలకరికి వేద్దామని ఉంచుకున్న గింజలు మొలవకపోవడానికి కారణం అదే. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన సంచుల్లో అర అంగుళం లోతున వేయండి. మొక్క మొదట్లో చాలా నెమ్మది, ఏడాది దాకా సంచిలోనే పెంచి, రెండో వర్షాకాలంలో మీటరుకొకటి చొప్పున నాటండి. మొదటి రెండు వేసవులు అప్పుడప్పుడు నీళ్లు, మేకల నుంచి కాపు ఉంటే చాలు. లేత చిగురును మేకలు వదలవు. ముల్లు గట్టిపడ్డాక జోలికి రావు. కాయలు కోయడం అయిపోయిన వెంటనే కత్తిరించాలి, చలికాలంలో కత్తిరిస్తే పూత మొత్తం పోతుంది. పిల్లలు తిరిగే దారి పక్క మాత్రం నాటవద్దు, ఎండి రాలిన కొమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని దిగుతుంది.